టమాటా మాడాలి, మిరపకాయ మాడకూడదు: గ్వాటెమాలా వంటలు మన ఇంట్లో

(మా కాలనీ లైబ్రరీ హాల్లో ఆదివారం పొద్దున మాట్లాడింది. రికార్డింగ్ విని టైప్ చేశాం, తడబాట్లు కొన్ని తీసేశాం, మిగతాది ఉన్నది ఉన్నట్టే.)

అందరికీ నమస్కారం అండి. వెనకాల కూర్చున్నవాళ్లకి వినపడుతుందా? మైకు కొంచెం గుర్రుమంటది, అడ్జస్ట్ అవ్వండి. పెద్దమ్మా మీరు ఇటు ముందుకు రండి, ఇక్కడ కుర్చీ ఖాళీగా ఉంది.

ముందే చెప్పేస్తున్నా, నేను షెఫ్‌ని కాదు, హోటల్ మేనేజ్‌మెంట్ ఏమీ చదవలేదు. నాది ఫార్మా కంపెనీలో రిజిస్ట్రేషన్ పని, అంటే మన మందులు వేరే దేశంలో అమ్మాలంటే అక్కడి ప్రభుత్వానికి కాయితాలు పెట్టాలి కదా, ఆ పని. దాని మీదే గ్వాటెమాలా సిటీలో నాలుగేళ్లు ఉన్నా. పొద్దంతా కాయితాలు, సాయంత్రం ఆకలి. ఆ ఆకలే ఇవాళ నన్ను ఇక్కడ నిలబెట్టింది.

గ్వాటెమాలా ఎక్కడ అని అడుగుతారని తెలుసు, మా అమ్మ ఇప్పటికీ ఆఫ్రికా అనే చెప్తది అందరికీ. (నవ్వులు) మెక్సికోకి కింద, ఒక పక్క పసిఫిక్, ఇంకో పక్క కొంచెం కరీబియన్ సముద్రం తగులుతది, మధ్యలో అంతా కొండలు, అగ్నిపర్వతాలు. మాయా నాగరికత అని మనం స్కూల్లో చదివి వాళ్లు ఎప్పుడో అంతరించిపోయారు అనుకుంటాం. ఎక్కడికీ పోలేదండి, బస్సులో మీ పక్కనే కూర్చుని ఫోన్లో మాట్లాడుకుంటూ ఉంటారు. ఇప్పటికీ అక్కడ 22 మాయా భాషలు ఉన్నాయి. నేను చెప్పబోయే వంటల్లో కకిక్ లాంటి పేర్లు స్పానిష్ కాదు, ఆ భాషలవే.

నేను అద్దెకున్న ఇంటి ఓనరమ్మ డెబ్బై ఏళ్ల ఆవిడ, పేరు చెప్పను, చెప్తే సిగ్గుపడతది. నన్ను మిహా అని పిలిచేది, అంటే నా బిడ్డా, మా బంగారం అన్నట్టు. చేరిన రెండో వారం అనుకుంటా, ఒకరోజు సాయంత్రం ఇంటికొస్తే కింద వంటింట్లోంచి మాడు వాసన. పరిగెత్తుకెళ్లి చూస్తే పెనం మీద టమాటాలు నల్లగా బొగ్గయిపోతున్నాయి, ఉల్లిపాయ నల్లగా, వెల్లుల్లి తొక్కతోనే నల్లగా, ఆవిడేమో పక్కన కుర్చీలో కూర్చుని టీవీ చూస్తుంది. నేను గబుక్కున వెళ్లి స్టవ్ కట్టేశా. ఆవిడ నన్ను చూసిన చూపు ఉంది చూడండీ! లేచి మళ్లీ వెలిగించి, నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టి అంది, మిహా, ఇది మాడటం కాదు, ఇదే వంట.

అక్కడ మొదలైంది నా చదువు.

వాళ్ల వంటకి మూలం రెకాడో అని ఒకటి. మన భాషలో చెప్పాలంటే ముద్ద, నూరిన గుజ్జు. టమాటా, ఉల్లి, వెల్లుల్లి, ఎండుమిర్చి, గుమ్మడి గింజలు, నువ్వులు, వీటన్నిటినీ నూనె చుక్క లేకుండా పెనం మీద కాల్చి, వేయించి, నూరి, దాన్ని మాంసం ఉడికిన నీళ్లలో కలిపి మరిగిస్తే కూర అయిపోయింది. పెనాన్ని కొమాల్ అంటారు, పాతకాలంలో మట్టిది, ఇప్పుడు పల్లెల్లో మట్టిదే, సిటీలో ఇనపది. నూరటానికి వాళ్ల రాయి చూస్తే మీరు ఆశ్చర్యపోతారు, అచ్చం మన సన్నికల్లే, కాకపోతే మూడు కాళ్లుంటాయి. నేను ఆ రాయి చూసి మా నాయనమ్మ రోటి పచ్చడి గుర్తొచ్చి, ఓహో ఇది మనకి వచ్చిన విద్యే కదా అని పొంగిపోయా. నువ్వులు వేయించి, మిరపకాయలు వేయించి, టమాటా కాల్చి నూరితే అది మన పచ్చడి కాదూ?

ఆ పొంగే నా కొంప ముంచింది. నాలుగు రోజులాగి ఆవిడకి నేనే పెపియాన్ అనే వాళ్ల కూర చేసి పెడతానని చెప్పా. మాది ఖమ్మం అండి, మిర్చి యార్డు ఘాటు పీల్చి పెరిగినదాన్ని. ఊర్నుంచి తెచ్చుకున్న ఎండుమిరపకాయలు పదిహేను వేశా, రంగు రావాలి కదా అని. ఆపైన చివర్లో చేతులు ఊరుకోక ఆవాలు జీలకర్ర కరివేపాకు పొడి తాలింపు, ఇంకా అరచెంచా గరం మసాలా. ఆవిడ ఒక ముద్ద తిని, నీళ్లు తాగి, ఇంకో ముద్ద తిని, కళ్లు తుడుచుకుని, చాలా బాగుంది మిహా, దీని పేరేంటి అని అడిగింది. (నవ్వులు)

అందుకే ఇవాళ మీకు చెప్పేది ఒకటే. ఈ వంట మనకి సగం వచ్చు, ఆ వచ్చిన సగమే మనల్ని ముంచుతది. మూడు పనులు మానుకోవాలి. తాలింపు పెట్టకూడదు, నూనెలో మసాలా వేపకూడదు, ఘాటు కోసం మిరపకాయ వేయకూడదు. వాళ్లకి ఎండుమిర్చి అంటే రంగు, ఒక ఎండుపండు లాంటి వాసన, కొంచెం తీపి, కొంచెం పొగ. ఘాటు కావాలంటే పక్కన వేరే గిన్నెలో పెట్టుకుంటారు, ఎవరిక్కావలసినంత వాళ్లు.

సరే పెపియాన్‌తోనే మొదలుపెడదాం. ఇది వాళ్ల జాతీయ వంటకం లాంటిది. 2007లో అక్కడి సాంస్కృతిక శాఖ పెపియాన్, హొకోన్, కకిక్, మోలేలో అరటిపండు, ఈ వంటకాల్ని దేశ సాంస్కృతిక వారసత్వం అని అధికారికంగా ప్రకటించింది. మన దగ్గర గోంగూరకి అలా ఎవరూ చేయలేదు, అది వేరే బాధ.

రాసుకునేవాళ్లు రాసుకోండి. ఆరుగురికి, కిలో చికెన్, ఎముకతో. దాన్ని ఉప్పు, సగం ఉల్లిపాయ, రెండు వెల్లుల్లి రెబ్బలు, నాలుగు కొత్తిమీర కాడలు వేసి లీటరున్నర నీళ్లలో మామూలుగా ఉడకపెట్టండి, కుక్కర్ వద్దు, ఆ నీళ్లే మనకి ప్రాణం. అది ఉడుకుతుంటే ఇంకో స్టవ్ మీద ఇనప పెనం, నాన్‌స్టిక్ పెట్టొద్దు పాడైపోతది. అరకిలో ఎర్ర టమాటా, నాలుగైదు పచ్చి టమాటా, ఒక పెద్ద ఉల్లిపాయ అడ్డంగా రెండు ముక్కలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు తొక్కతోనే. వీటిని కదపకుండా వదిలేయండి. మన చెయ్యి ఊరుకోదు, గరిటె పెట్టి తిప్పేస్తాం. తిప్పొద్దు. ఒక పక్క నల్లగా అయ్యాక తిప్పండి, పొట్టు పగిలి రసం పెనం మీద పడి చుయ్యిమని, ఆ రసం కూడా కొంచెం అంటుకుని, అప్పుడు తీయాలి. నల్ల పొట్టు మొత్తం తీసేయొద్దు, కొంచెం ఉంచండి.

పచ్చి టమాటా ఎందుకంటే అక్కడ మిల్తొమాతే అని ఒక కాయ ఉంది, చిన్నది, పైన కాగితం లాంటి పొర కప్పుకుని ఉంటది, పుల్లగా ఉంటది, మన దగ్గర రస్‌భరీ పండు అమ్ముతారు చూడండి పొరలో చుట్టి, దానికి చుట్టం. ఆ కాయ ఇక్కడ దొరకదు, పచ్చి టమాటా వేసి చివర్లో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే దగ్గరగా వస్తది.

ఇప్పుడు మిరపకాయ. వాళ్లు వాడేవి రెండు, గ్వాకే ఒకటి, పాసా ఒకటి. గ్వాకే ఎర్రగా పొడుగ్గా ఉంటది, పాసా నల్లగా ముడతలు పడి ఎండు ద్రాక్షలా ఉంటది, అసలు పాసా అంటేనే ఎండు ద్రాక్ష. మన దగ్గర బ్యాడిగి మిరపకాయ బాగా పనిచేస్తది, లేకపోతే వరంగల్ వైపు చపాటా మిర్చి దొరుకుతది కదా, లావుగా గుండ్రంగా, రంగు బోలెడు, ఘాటు తక్కువ, అది ఇంకా బెస్ట్. ఆరో ఏడో తీసుకుని తొడిమ, గింజలు మొత్తం తీసేయండి. పెనం మీద ఒక్కో వైపు అయిదారు సెకన్లు, అంతే. టమాటా మాడాలి, మిరపకాయ మాడకూడదు. మిరపకాయ మాడితే గిన్నె మొత్తం చేదైపోతది, తర్వాత బెల్లం వేసినా ఏం వేసినా బాగుపడదు, నాకు తెలుసు. తీసి వేడినీళ్లలో పావుగంట నానబెట్టండి.

తర్వాత గింజలు. గుమ్మడి గింజలు ఒక చిన్న గ్లాసు, నువ్వులు అర గ్లాసు. విడివిడిగా వేయించాలి, ఎందుకంటే నువ్వులు ముందు చిటపటలాడి అయిపోతాయి. దాల్చినచెక్క వేలు పొడుగు ముక్క, మిరియాలు ఆరు, లవంగాలు రెండు, అవి కూడా కొంచెం వేడి చేయండి. చిక్కదనానికి వాళ్లు ఒక మొక్కజొన్న రొట్టె, దాన్నే తోర్తియా అంటారు, దాన్ని పెనం మీద ముదురు గోధుమరంగు వచ్చేదాకా కాల్చి వేస్తారు. మనకి ఒక బ్రెడ్ ముక్క చాలు, బాగా కాల్చింది.

ఇవన్నీ మిక్సీలో చికెన్ ఉడికిన నీళ్లు కొంచెం కొంచెం పోస్తూ మెత్తగా రుబ్బండి. పలుకు పలుకుగా ఉంటే జల్లెడ పట్టండి. గిన్నెలో పోసి, చికెన్ నీళ్లు కలిపి, సన్న మంట మీద అరగంట. పైన చిన్నచిన్న నూనె బొట్లు తేలతాయి, మీరు నూనె వేయలేదు, అది గింజల నూనె. అప్పుడు ఉడికిన చికెన్, విడిగా ఉడికించిన ఆలుగడ్డ, క్యారెట్, బీన్స్, ఇంకా గ్విస్కిల్ ముక్కలు వేసి పది నిమిషాలు.

గ్విస్కిల్ అంటే ఏంటో తెలుసా? మన బెంగళూరు వంకాయ! కొంతమంది సీమ వంకాయ అంటారు. దాని పుట్టిల్లు బెంగళూరు కాదు, వంకాయ కూడా కాదు, పుట్టింది అటు మెక్సికో గ్వాటెమాలా వైపే. అక్కడ కాయే కాదు, దాని తీగ చిగుళ్లు, కింద ఊరే దుంప కూడా తింటారు. నేను మొదటిసారి మార్కెట్లో చూసి ఇది మాది అన్నా, కూరగాయలమ్మే ఆవిడ నవ్వి కాదు సేన్యో మాది అంది. సేన్యో అంటే మన మేడమ్ లాగా, అమ్మా లాగా. ఆమె అన్నదే కరెక్టు. ఆ మాటకొస్తే మనం మాది అనుకునే చాలావాటి మీద వాళ్లకి హక్కుంది. టమాటా, మిరపకాయ, మొక్కజొన్న, బొప్పాయి, సపోటా అన్నీ ఆ ఖండం నుంచి ఓడెక్కి వచ్చినవే. సపోటా అనే పేరు కూడా అక్కడి నవాత్ల్ భాష మాటే, స్పానిష్ వాళ్ల నోటి మీదుగా వచ్చింది. ఖమ్మం మిర్చి యార్డు మొత్తం ఒక రకంగా వాళ్లకి బాకీ.

(సభలోంచి ఒకరు: తాలింపు అస్సలు వద్దా? జీలకర్ర అయినా?)

అక్కా, వద్దు. ఒక్కసారి నన్ను నమ్మండి. జీలకర్ర వేస్తే అది మన కూర అయిపోతది, బాగుంటది, కాదనను, కానీ పెపియాన్ కాదు. ఆ కాలిన టమాటా వాసన చాలా మెత్తనిది, తాలింపు దాని మీద కూర్చుంటే అది ఊపిరాడక చస్తది.

(ఇంకొకరు: మేము మాంసం తినమండి, ఏం చేయాలి?)

ఏం ఫర్వాలేదు, చికెన్ నీళ్ల బదులు కూరగాయలు ఉడికించిన నీళ్లు, చికెన్ బదులు కాలీఫ్లవర్, బంగాళదుంప, బెంగళూరు వంకాయ, బీన్స్. గింజల ముద్ద ఉంది కాబట్టి వెలితిగా ఉండదు. పుట్టగొడుగులు వేస్తే ఇంకా బాగుంటది. అన్నంతోనే తింటారు అక్కడ కూడా, పక్కన తోర్తియా ఉంటది.

హొకోన్ గురించి గబగబా చెప్తా, ఎందుకంటే పెపియాన్ వచ్చాక అది వచ్చేసినట్టే. ఇది పచ్చ రంగు. ఎర్ర టమాటా, ఎండుమిర్చి తీసేసి పచ్చి టమాటా, పెద్ద కట్ట కొత్తిమీర, ఉల్లికాడలు, ఒక క్యాప్సికం, గుమ్మడి గింజలు, నువ్వులు. కొత్తిమీరని ఎక్కువసేపు మరిగించకండి, పచ్చ రంగు పోయి నాచు రంగు వస్తది, చివరి పది నిమిషాల్లోనే. చిక్కదనానికి నానబెట్టిన తోర్తియా గానీ మొక్కజొన్న పిండి ముద్ద గానీ. మా ఇంట్లో పిల్లలు దీన్నే ఎక్కువ ఇష్టపడతారు, గ్రీన్ చికెన్ అంటారు, అననీయండి.

ఇప్పుడు కకిక్. దీని దగ్గర కొంచెం ఆగాలి నేను.

కోబాన్ అని ఒక ఊరు, ఆల్తా వెరాపాస్ జిల్లాలో, ఎప్పుడూ సన్నటి తుంపర, మబ్బు, కాఫీ తోటలు, మన అరకు గుర్తొస్తది. అక్కడి కెక్చీ మాయా వాళ్ల వంట ఇది. వాళ్ల భాషలో కక్ అంటే ఎరుపు, ఇక్ అంటే మిరపకాయ. కూర కాదు, పులుసు కాదు, పల్చటి ఎర్ర చారు, అందులో పెద్ద టర్కీ కోడి ముక్క ఒకటి మునిగి ఉంటది. టర్కీ కోడి పేరులో టర్కీ ఉంది గానీ అది కూడా ఆ ఖండం పక్షే, అక్కడ చొంపీపే అంటారు. చారులో కాల్చిన టమాటా, ఉల్లి, వెల్లుల్లి, గ్వాకే మిరపకాయ, పుదీనా, కొత్తిమీర, ఇంకా సమాత్ అనే పొడుగాటి రంపపు అంచుల ఆకు, కొత్తిమీర వాసనే కానీ పది రెట్లు. రంగు కోసం అచియోతే గింజలు. అచియోతే అంటే కంగారు పడకండి, మన జాఫ్రా! మన ఏజెన్సీ ఊళ్లలో పండిస్తారు, పైన ముళ్లముళ్లుగా ఎర్రటి కాయ, విప్పితే చేతులన్నీ ఎరుపు. ఆ గింజల్ని వేడినీళ్లలో నానబెట్టి పిసికితే రంగు దిగుతది, ఆ నీళ్లు పోస్తే చాలు.

పక్కన చిన్న గిన్నెలో కోబానేరో మిరపకాయ పొడి పెడతారు. చిన్న కాయ, పొగ పట్టించి ఎండబెట్టింది, ఇదొక్కటే నిజంగా ఘాటు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కారంతో కాదు, నాలుగు నెలల తర్వాత అసలు కారం తగిలిందని. (నవ్వులు)

మన దగ్గర టర్కీ కొన్ని చోట్ల దొరుకుతుంది, లేకపోతే నాటుకోడి తీసుకోండి, ఫారం కోడి వద్దు, ఈ చారంతా మాంసం రసం మీదే ఆధారపడి ఉంటది. రెండు గంటలు సన్న మంట మీద. ఆకులు మాత్రం చివర్లో. ఇందులో గింజల ముద్ద లేదు, అందుకే పల్చగా ఉంటది, చిక్కగా చేయాలని ప్రయత్నించకండి. ముక్కని ప్లేట్లో వేరుగా తీసుకుని, చారు గిన్నెలో తాగుతూ, అన్నం, ఉప్పు తప్ప ఏమీ లేని చిన్న తెల్ల తమాల్, అంటే ఆకులో చుట్టి ఉడికించిన మొక్కజొన్న ముద్ద, నంజుకుంటారు.

కోబాన్ గురించి ఇంకో మాట చెప్పాలి. ఆ చుట్టుపక్కల కొండల్లో ఎక్కడ చూసినా ఏలకుల తోటలే! ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒక జర్మన్ తోటల యజమాని మన దేశం నుంచి మొక్కలు తెప్పించి అక్కడ వేశాడు, ఇవాళ ప్రపంచంలో ఏలకుల ఎగుమతిలో గ్వాటెమాలాదే పెద్ద చెయ్యి, మనల్ని దాటేసి చాలా ఏళ్లయింది. ఎక్కువ భాగం అరబ్ దేశాలకి పోతది, కాఫీలో వేసుకోవటానికి. తమాషా ఏంటంటే అక్కడ ఇళ్లలో ఎవరూ ఏలకులు వాడరు. నేను ఒక రైతు ఇంట్లో, ఇంటి ముందు బస్తాలు బస్తాలు ఏలకులు ఆరబోసుకుని ఉన్నారు, వాళ్ల పొయ్యి మీదే పాలు కాచి నాలుగు కాయలు దంచి టీ పెట్టి ఇచ్చా. వాళ్లు తాగి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఓహో, దీని కోసమా ఇంత కష్టపడుతున్నాం అని ఆ ఇంటాయన అన్నాడు. మనకి బెంగళూరు వంకాయ వాళ్లు ఇచ్చారు, వాళ్లకి ఏలకులు మనవి వెళ్లాయి, మనం వండుకుని తింటున్నాం, వాళ్లు మాత్రం మూట కట్టి పంపిస్తున్నారు. ఏలకులు ఇక్కడ మీరు కొనే రేటు ఎంతో, ఆయనకి చేరేది ఎంతో నేను అడిగా, విన్నాక ఆ టీ నాకు సహించలేదు. సరే, వంటలోకి వద్దాం.

మొక్కజొన్న. ఇది చెప్పకుండా గ్వాటెమాలా గురించి మాట్లాడితే అన్నం ఊసెత్తకుండా మన భోజనం గురించి మాట్లాడినట్టే. కిచే మాయా వాళ్ల పాత కథలో దేవుళ్లు మనిషిని ముందు మట్టితో చేశారు, కరిగిపోయాడు, చెక్కతో చేశారు, మనసు లేదు, చివరికి మొక్కజొన్న పిండి ముద్దతో చేస్తే నిలబడ్డాడు. మనం మొక్కజొన్న పిండి మనుషులం అని ఇంటి ఓనరమ్మ మామూలుగా, కూరగాయలు తరుగుతూ అనేది.

కానీ వాళ్లు మొక్కజొన్నని మనలా ఎండబెట్టి మరాడించి రొట్టె చేయరు. సున్నంలో ఉడికిస్తారు. అవును, తాంబూలం సున్నమే! కిలో ఎండు మొక్కజొన్న గింజలకి మూడు లీటర్ల నీళ్లు, పది గ్రాముల సున్నం, అంటే రెండు చిన్న చెంచాలు అనుకోండి. రంగులు సువాసనలు కలిపిన సున్నం కాదు, తినే సున్నమే. గంటసేపు ఉడికించి, రాత్రంతా అలా వదిలేసి, పొద్దున చేత్తో రుద్ది రుద్ది కడిగితే పైపొట్టు జిగురుగా ఊడొస్తది. మూడు నాలుగు నీళ్లు కడగండి. దాన్ని గ్రైండర్లో రుబ్బితే వచ్చే ముద్దే మాసా. చపాతీ పిండిలా సాగదు కానీ పగలకుండా ఒత్తుకోవచ్చు. రెండు అరచేతుల మధ్య టపటపా చరుస్తూ గుండ్రంగా చేస్తారు, సందులో నడుస్తుంటే మధ్యాహ్నం పన్నెండింటికి ఆ చప్పుడు వినపడిందంటే పక్కన తోర్తియాలమ్మే కొట్టు ఉన్నట్టే.

సున్నం ఎందుకు అంటే, మొక్కజొన్నలో నియాసిన్ అనే బి విటమిన్ ఉంటది కానీ అది ఒంటికి అందకుండా కట్టేసినట్టు ఉంటది, సున్నం దాన్ని విడదీస్తది. మొక్కజొన్న యూరప్‌కి వెళ్లింది, సున్నం మాత్రం వెళ్లలేదు. ఇటలీలో, స్పెయిన్‌లో అదే తిని బతికిన పేదవాళ్లకి పెల్లాగ్రా అనే జబ్బు పట్టుకుంది, చర్మం పగిలి, విరేచనాలు, మతి చలించడం. ఈ పెల్లాగ్రా మనకీ కొత్త కాదు, ఇక్కడ దక్కన్‌లో జొన్న ఎక్కువగా తినేవాళ్లలో కనపడింది, మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ గోపాలన్ గారి బృందం దాని మీద 1960ల్లో పరిశోధన చేసింది. దానికి జోడీగా గ్వాటెమాలా సిటీలో ఇంకాప్ అని ఒక పోషకాహార సంస్థ ఉంది, 1949లో పెట్టారు, అక్కడ మొక్కజొన్న పిండి, పత్తిగింజల పిండి కలిపి పిల్లల కోసం ఇంకాపరీనా అని ఒక గంజి పొడి తయారుచేశారు. పత్తి పండించే జిల్లాదాన్ని, పత్తిగింజల పిండి మనిషి తాగొచ్చని నాకు గ్వాటెమాలా వెళ్లాక తెలిసింది. ఇప్పటికీ ప్రతి కిరాణా కొట్లో ఆ ప్యాకెట్ ఉంటది.

ఇంత కష్టం మేం పడం అంటే మాసా హరీనా అని రెడీమేడ్ పిండి ఆన్‌లైన్లో దొరుకుతది, ఖరీదు ఎక్కువ. కిరాణాలో దొరికే మామూలు మొక్కజొన్న పిండి సున్నంలో ఉడికింది కాదు, దాంతో ముద్ద పగిలిపోతది. తెల్ల కార్న్‌ఫ్లోర్ అయితే అసలు తేవద్దు, అది పిండి పదార్థం అంతే, జిగురైపోతది.

మాసాతో తమాల్ చేస్తారు. మన కోనసీమలో పొట్టిక్కలు తిన్నారా ఎవరైనా? పనసాకు బుట్టలో ఇడ్లీ. ఆ ఆకు వాసన పిండికి పట్టే రుచి తెలిసినవాళ్లకి తమాల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మాసాని మాంసం రసంలో, పందికొవ్వు వేసి గంజిలా ఉడికించి, అరటాకు మీద ఒక గరిటె వేసి, మధ్యలో ఎర్ర రెకాడో, ఒక మాంసం ముక్క, ఒక ఆలివ్ కాయ పెట్టి పొట్లం కట్టి ఆవిరి మీద గంటన్నర. శనివారం సాయంత్రం కొన్ని ఇళ్ల ముందు ఎర్ర బల్బు వెలుగుతది, మొదట చూసి నేను వేరేగా అనుకుని తల దించుకుని నడిచా, అది ఇక్కడ తమాల్ అమ్ముతాం అని గుర్తు అట. (నవ్వులు) క్రిస్మస్ ముందు రోజు, అంటే డిసెంబర్ 24 అర్ధరాత్రి, టపాసులు కాల్చి అందరూ తమాల్ తింటారు, ఎంత పేదింట్లో అయినా.

మొక్కజొన్న తలనొప్పి లేకుండా చేయాలంటే పాచే చేయండి, ఇది కెత్సల్తెనాంగో వైపు వంట, బంగాళదుంపతో చేసే తమాల్, గురువారం గురువారం తింటారు. కిలో ఆలుగడ్డ ఉడికించి మరీ మెత్తగా కాకుండా చిదమండి, నానబెట్టి పిండిన బ్రెడ్ నాలుగు ముక్కలు, ఇందాక పెపియాన్‌కి చెప్పిన ముద్దలాంటిదే ఒక గ్లాసు కానీ గింజలు తక్కువ వేసి చిక్కగా, వంద గ్రాముల వెన్న, పందికొవ్వు మనకి అలవాటు లేదు కాబట్టి, ఉప్పు. అరటాకుని మంట మీద అటూ ఇటూ చూపిస్తే మెత్తబడి చిరగదు, అందులో పెట్టి కట్టి ఇడ్లీ పాత్రలో గంట. మధ్యలో చికెన్ ముక్కో, లేకపోతే పన్నీరో. పన్నీరు నా కల్తీ, ఒప్పుకుంటున్నా.

తీపి లేకుండా పంపిస్తే ఆ చివర కూర్చున్న పిల్లలు ఊరుకోరు. రెయ్యెనీతోస్. మన చక్రకేళితో అవ్వదు, నీరైపోతది. కేరళ షాపుల్లో నేంద్రం పండు ఉంటది, దాన్ని తొక్క మచ్చలు పడేదాకా ఆగి, తొక్కతోనే మూడు ముక్కలు చేసి దాల్చినచెక్క వేసి పావుగంట ఉడికించి, నీళ్లు వంపేసి, తొక్క తీసి మెదపండి. లోపలికి నల్ల బీన్స్ ముద్ద, ఉడికించి రుబ్బి, నూనెలో దగ్గరపడేదాకా తిప్పి, పంచదార, కొంచెం కోకో పొడి, దాల్చినచెక్క పొడి. బీన్స్ తీపి ఏంటి అని మొహాలు పెట్టకండి, మనం శనగపప్పు తీపి చేసి పూర్ణం పెట్టుకోవట్లేదా? నల్ల బీన్స్ దొరక్కపోతే చిన్న రాజ్మా. అరటి ముద్ద చేతిలో వెడల్పు చేసి పూర్ణం పెట్టి కోడిగుడ్డు ఆకారంలో మూసి, ఎర్రగా వేయించి, పైన పంచదార చల్లుకోవడమే. చేతికి నూనె రాసుకోవాలి, లేకపోతే మొత్తం చేతికే.

ఇందాక చెప్పిన మోలేలో అరటిపండు కూడా ఇదే పండు, వేయించి, పాసా మిరపకాయ, నువ్వులు, గుమ్మడి గింజలు, కాల్చిన టమాటా, దాల్చినచెక్క, చాక్లెట్ కలిపిన ముద్దలో వేస్తారు. స్వీట్ అని పెడతారు, టమాటా, మిరపకాయ ఉన్న స్వీట్! నాకు మూడోసారి తిన్నాక నచ్చింది. మీకు మొదటిసారే నచ్చుతదని చెప్పను.

(సభలోంచి: వాళ్ల రోజువారీ టిఫిన్ ఏంటి?)

నల్ల బీన్స్, గుడ్డు, తోర్తియా, వేయించిన అరటిపండు, కొంచెం మీగడ. ఏడాది పొడుగునా అదే, నాకు రెండో నెలకే బోర్ కొట్టింది, నిజం చెప్పాలి కదా. దాని మీద వేసుకునే చిర్మోల్ మాత్రం వదల్లేదు, ఇప్పటికీ వారానికి రెండుసార్లు చేస్తా. కాల్చిన టమాటా, పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర, ఉప్పు, నిమ్మకాయ, చేత్తో నలపడమే. మన కాల్చిన టమాటా పచ్చడే, మా అత్తగారు తిని ఇందులో కొత్తేముంది అన్నారు. ఏం లేదత్తయ్యా, తాలింపు లేదు అన్నా.

సముద్రం వైపు లివింగ్‌స్టన్ అనే ఊళ్లో గరీఫునా అనే జనం వండే తపాదో ఉంది, కొబ్బరిపాలల్లో చేప, పీతలు, రొయ్యలు, పచ్చి అరటి, అదొక గంట చెప్పాలి. నవంబర్ 1న చేసే ఫియాంబ్రే అని చల్లటి సలాడ్, యాభై రకాల వస్తువులు పడతాయి, సమాధుల దగ్గర కూర్చుని చనిపోయిన వాళ్లతో కలిసి తింటారు, అది ఇంట్లో చేయమని మీకు చెప్పను, మూడు రోజుల పని, మూడు కుటుంబాలు కావాలి.

ఇంకా ప్రశ్నలు ఉంటే తింటూ అడగండి. అక్కడ గిన్నెలో ఉన్నది పెపియాన్, పొద్దున ఐదింటికి లేచి చేశా, మా పైఫ్లోర్ వాళ్లు మాడు వాసనకి తలుపు కొట్టి గ్యాస్ కట్టేశారా అని అడిగారు. ఎడమ పక్క గిన్నె శాకాహారం, గరిటెలు కలపకండి దయచేసి. ఆ చిన్న గిన్నెలో ఖమ్మం కారం పెట్టా, కానీ ముందు రెండు ముద్దలు అది లేకుండా తినండి. పెద్దమ్మా, మీరు లేవకండి, ప్లేటు నేను తెస్తా. పిల్లలూ, అరటి ఉండలు మనిషికి రెండే.